సిబిల్‌లో పేరే లేనోడు ఇంటి లోనుకి వెళ్తే

మా బాబాయ్ కొడుకు తెనాలిలో టిఫిన్ సెంటర్ నడుపుతాడు. పదకొండేళ్ళయింది, పొద్దున మూడున్నరకి లేస్తే మధ్యాహ్నం పన్నెండింటికి గానీ కూర్చోడు, ఊళ్ళో ఎవరికీ రూపాయి బాకీ లేడు, కిరాణా కొట్టు లెక్క కూడా ఏ వారానికి ఆ వారం తీర్చేస్తాడు. రెండేళ్ళ కిందట ఇల్లు కొందామని ఒక బ్యాంకుకి వెళ్తే అక్కడాయన కంప్యూటర్లో ఏదో కొట్టి చూసి "నీకు సిబిల్ లేదు బాబూ, కష్టం" అని పంపించేశాడంట. వీడు ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, మా పక్క కొట్టోడు రెండు బ్యాంకులకి ఎగ్గొట్టాడు, వాడికి కనీసం స్కోరంటూ ఉంది, నాకు అదీ లేదంట, అప్పు చెయ్యకపోవడం కూడా తప్పేనా" అన్నాడు. నవ్వొచ్చింది గానీ అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇలాంటోళ్ళు మన ఇళ్ళల్లో బోలెడుమంది ఉన్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ "సిబిల్ లేదు" అనే మాట సంగతి చూద్దాం. సిబిల్ అనేది ఒక కంపెనీ పేరు, 2000లో పెట్టారు, ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్ అంటున్నారు. జిరాక్స్ అన్నట్టు కంపెనీ పేరే వస్తువు పేరైపోయింది అంతే. ఇలాంటివే ఇంకో మూడున్నాయి, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, క్రెడిట్ కార్డులోళ్ళు ఎవడు ఎంత తీసుకున్నాడు, ఏ నెల కట్టాడు, ఏ నెల ఎగ్గొట్టాడు అని వీటికి పంపిస్తూ ఉంటారు, 2025 జనవరి నుంచి అయితే కనీసం పదిహేను రోజులకోసారి పంపాలి. ఆ లెక్కల్లోంచి 300 నుంచి 900 మధ్య ఒక నంబరు తీస్తారు. అసలు లెక్కే లేనోడికి నంబరు తియ్యలేరు కదా, అప్పుడు మైనస్ 1 అనో ఎన్‌హెచ్ (నో హిస్టరీ) అనో చూపిస్తుంది. మైనస్ అనగానే జనం హడలిపోతారు, అదేదో సున్నా కంటే ఘోరం అనుకుంటారు, కాదండీ. 550 స్కోరున్నోడు పరీక్ష రాసి తప్పినోడు, మైనస్ 1 వాడు అసలు హాలుకే వెళ్ళనోడు. వీళ్ళిద్దర్నీ బ్యాంకులు ఒక గాటన కట్టవు. స్టేట్ బ్యాంకు వాళ్ళు స్కోరును బట్టి ఇంటి లోను వడ్డీ పట్టిక వేసినప్పుడు స్కోరు లేనోళ్ళకి విడిగా ఒక వరసే పెట్టారు, అందులో వడ్డీ మంచి స్కోరోళ్ళ కంటే కొంచెం ఎక్కువ, పాడైన స్కోరోళ్ళ కంటే తక్కువ. అంటే బ్యాంకు దృష్టిలో వీడు చెడ్డోడు కాదు, తెలియనోడు.

రూలు కూడా ఇప్పుడు మన వైపే ఉంది. 2025 జనవరి 6న ఆర్‌బీఐ ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్లో, అంటే రూల్స్ అన్నీ ఒకచోట పెట్టిన ఆదేశంలో, మొదటిసారి లోనుకి వచ్చినోడి అప్లికేషన్ని కేవలం క్రెడిట్ హిస్టరీ (పాత అప్పుల లెక్క) లేదన్న కారణంతో తిప్పి పంపొద్దని ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో కూడా ఇదే చెప్పింది, మొదటిసారి తీసుకునేవాళ్ళకి కనీసం ఇంత స్కోరుండాలని ఆర్‌బీఐ ఏమీ పెట్టలేదని. దీన్ని పట్టుకుని వాట్సాప్‌లో "ఇక సిబిల్ అక్కర్లేదు, అందరికీ లోన్" అని తిప్పారు చూడండి, అది మాత్రం నమ్మకండి. హిస్టరీ లేదని ఆపకూడదు, అంతవరకే ఆ రూలు. ఆదాయం చాల్లేదనో, కాగితాలు సరిగ్గా లేవనో ఆపడానికి బ్యాంకుకి పూర్తి హక్కుంది, వాళ్ళు విచారణ చేసుకునే ఇస్తారు. ఇంకో సంగతి, లోను తిరస్కరిస్తే ప్రధాన కారణం రాతపూర్వకంగా చెప్పాలని ఆర్‌బీఐ 2007లోనే బ్యాంకులకి చెప్పింది, ఎంత చిన్న లోనైనా సరే. మనం అడగం, వాళ్ళు ఇవ్వరు. మర్యాదగా "సార్, ఎందుకు కుదరదో ఒక ముక్క రాసివ్వండి" అంటే చాలు, సగం సార్లు అసలు కారణం అప్పుడే బయటికొస్తుంది.

మా వాడి విషయంలో అదే జరిగింది. మళ్ళీ పంపించి అడగమంటే ఆ బ్యాంకాయన చివరికి చెప్పిందేంటంటే, "నీ ఐటీ రిటర్నులో నెలకి పదమూడున్నర వేలు చూపించావు, ఇరవై వేల ఈఎంఐ ఎలా కడతావు?" అని. సిబిల్ అనేది నోటికి ఈజీగా వచ్చే సాకు, అసలు తంటా ఆదాయంతో.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చిన్న వ్యాపారాలోళ్ళందరూ పడే గొయ్యి ఇదే. వాడి సెంటర్లో రోజుకి తొమ్మిది వేలు తిరుగుతుంది, సంవత్సరానికి సుమారు 27 లక్షలు. ఆడిటర్ దగ్గరికి వెళ్తే ఆయన ఆదాయపన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద వేశాడు, అంటే లెక్కల పుస్తకాలు లేకుండా అమ్మకంలో ఇంత శాతం లాభం అని చూపించేసే పద్ధతి, ఫోన్‌పే లాంటి వాటిల్లో వచ్చినదాని మీద కనీసం 6 శాతం, క్యాష్ మీద 8 శాతం. ఆరు శాతం అంటే సంవత్సరానికి లక్షా 62 వేలు. టాక్స్ లేదు, అందరూ హ్యాపీ. కానీ ఆ 6 శాతం కనీసం మాత్రమే, నిజంగా 25 శాతం మిగిలితే 25 శాతమే చూపించాలి కూడా. నిజమైన లాభం ఆరు లక్షల డెబ్భై ఐదు వేలు వేసి ఉంటే నెలకి 56 వేలు కనిపించేది, దాంట్లో సగం దాకా ఈఎంఐకి లెక్కేస్తారు. పోనీ టాక్స్ పడుతుందా అంటే కొత్త టాక్స్ పద్ధతిలో అప్పటికి 7 లక్షల దాకా పడేది కాదు, 2025-26 నుంచి 12 లక్షల దాకా వ్యాపారం ఆదాయం మీద ఏమీ పడదు. కట్టాల్సిన పన్నే లేనప్పుడు ఆదాయం దాచుకుని ఏం బావుకున్నట్టు? మనోళ్ళకి ఆదాయం తక్కువ చూపించడం ఒక అలవాటు, తాతల నాటి జాగ్రత్త, లోనుకి వెళ్ళినప్పుడు అదే ఎదురు తిరుగుతుంది.

దీనికి అడ్డదారి కూడా చెప్తారు కొందరు, మూడేళ్ళ రిటర్నులు ఒకే వారంలో వేసేద్దాం అని. రిటర్ను మీద వేసిన తేదీ ఉంటుంది, ఫైలు చూసేవాడు మొదట చూసేది అదే, మూడు కాగితాలకీ ఒకే నెల తేదీ ఉంటే లోను కోసం వండినవని వాడికి తెలిసిపోతుంది. అందుకని ఇల్లు కొనాలనే ఆలోచన పుట్టిన రోజు నుంచే, స్థలం చూడకముందే, గడువు లోపల నిజమైన అంకెలతో రిటర్ను వెయ్యడం మొదలుపెట్టాలి. కనీసం రెండు చేతిలో ఉండాలి.

ఇప్పుడు హిస్టరీ విషయానికొద్దాం. మన దగ్గర విచిత్రమేంటంటే అప్పు చెయ్యనోళ్ళు నిజానికి చాలా తక్కువ. చీటీ ఎత్తి ఇరవై నెలలు వాయిదాలు తప్పకుండా కట్టింది అప్పు తీర్చడం కాదా? ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, అంటే ఏడాదికి 24 శాతం, పైసాతో సహా కట్టి నోటు చింపించుకున్నోడి కంటే క్రమశిక్షణ ఎవడికుంటుంది? కానీ ఇవేవీ ఆ నాలుగు కంపెనీలకి వెళ్ళవు. చీటీ కంపెనీ రిజిస్టర్డ్ అయినా మామూలుగా మన వాయిదాల లెక్క అక్కడ పడదు, ప్రోనోటు సంగతి చెప్పనే అక్కర్లేదు. డ్వాక్రా లోన్లది ఇంకో రకం, సంఘం పేరు మీద తీసుకుని ఆడవాళ్ళు ఇరవై ఏళ్ళ నుంచి కడుతున్నారు, సభ్యుల వారీగా వివరాలు పంపమని 2016లోనే ఆర్‌బీఐ చెప్పినా ఒక్కొక్కరి రిపోర్టులో అది సరిగ్గా కనపడటం అంతంతమాత్రమే. 2025 బడ్జెట్‌లో గ్రామీణ్ క్రెడిట్ స్కోర్ అని ఒకటి ప్రకటించారు, సంఘాల సభ్యులకీ పల్లెటూళ్ళవాళ్ళకీ పనికొచ్చేలా. అది మన దాకా వచ్చేలోపు సంఘం పాస్‌బుక్కు, తీర్మానం పుస్తకం జాగ్రత్తగా పెట్టుకోమని అమ్మలకి చెప్పండి.

నేను చెప్పొచ్చేదేంటంటే, అప్పు తీర్చే అలవాటు మన దగ్గర ఉంది, అది బ్యాంకుకి అర్థమయ్యే కాగితంగా మారలేదు, పనంతా ఆ మార్చడంలోనే ఉంది. కొత్తగా నాలుగు అప్పులు చేసి స్కోరు తెచ్చుకోవడం కాదు.

మొదటి పని రిపోర్టు తియ్యడం. ఒక్కో కంపెనీ సంవత్సరానికి ఒకసారి పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి, నాలుగింటి సైట్లలోనూ పాన్ నంబరు, ఫోన్ నంబరుతో తీసుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందని ఒక అపోహ ఉంది, తగ్గదు. లోను కోసం బ్యాంకు చూస్తేనే దాన్ని ఎంక్వైరీగా రాసుకుంటారు. నాలుగూ ఎందుకు తియ్యమంటున్నానంటే మా వాడికి ఒక దాంట్లో ఏమీ లేదు, ఇంకో దాంట్లో 2018లో వాషింగ్ మెషిన్ కోసం తీసుకున్న పది నెలల ఈఎంఐ లోను, మొత్తం కట్టి క్లోజ్ చేసినట్టు కనపడింది. వాడే మర్చిపోయాడు. ఎందుకలా అంటే మన పేర్లతో వచ్చిన తంటా. పాన్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం, లోను కాగితంలో ఇంటిపేరు చివర్లో, ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక చోట హెచ్ ఉంటుంది ఒక చోట ఉండదు, పెళ్ళయిన ఆడవాళ్ళకయితే పుట్టింటి ఇంటిపేరుతో కొన్ని, అత్తింటి ఇంటిపేరుతో కొన్ని. కంప్యూటర్‌కి వీళ్ళంతా వేరు వేరు మనుషులు. ఉన్న హిస్టరీ దొరక్కుండా పోవడానికి ఇదో పెద్ద కారణం. అన్ని కాగితాల్లో పేరు ఒకేలా చేయించుకోవడం, పాత లోనుకి పాన్ జతచేయించడం, ఇవి పైసా ఖర్చు లేని పనులు. తప్పు ఉందని కంప్లైంట్ పెడితే 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకి 100 రూపాయలు మనకి ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలు.

రిపోర్టు తీస్తే అప్పుడప్పుడు చేదు నిజాలు కూడా బయటపడతాయి. ఎప్పుడో ఫ్రెండు బండి లోనుకి హామీ సంతకం పెట్టి ఉంటారు, వాడు కట్టకపోతే అది మన రిపోర్టులో కూర్చుని ఉంటుంది. తమ్ముడి ఎడ్యుకేషన్ లోనుకి కో-అప్లికెంటుగా సంతకం చేసి ఉంటారు. నాన్న పేరుతో పాటు మన పేరున కూడా పంట రుణం ఉంటుంది. ఎవడో మాల్‌లో అంటగట్టిన క్రెడిట్ కార్డు, వాడకపోయినా యాన్యువల్ ఫీజు పడి, దాని మీద వడ్డీ పడి, ఎనిమిది వందలు కాస్తా ఆరు వేలయి కూర్చుంటుంది. ఇలాంటివి ఉంటే మీది "హిస్టరీ లేదు" కేసు కాదు, ముందు ఇది తీర్చాలి, తీర్చేటప్పుడు కూడా "సెటిల్డ్" అని కాకుండా "క్లోజ్డ్" అని పడేలా మొత్తం కట్టి, ఇక బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూస్ లెటర్ తీసుకోవాలి. సగం కట్టి రాజీ పడితే ఆ సెటిల్డ్ అనే మాట ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

కొంతమందికి హిస్టరీ ఉంటుంది గానీ పాతది, 2012లో బైక్ లోను తీర్చారు, ఆ తర్వాత ఏమీ లేదు. రిపోర్టులో నెలనెలా కట్టిన లెక్క 36 నెలలదే కనిపిస్తుంది, బ్యాంకోడు కూడా దగ్గరి రెండు మూడేళ్ళే పట్టించుకుంటాడు, కాబట్టి వీళ్ళ పరిస్థితీ ఇంచుమించు కొత్తోళ్ళ లాంటిదే. పాత నో డ్యూస్ కాగితం ఉంటే ఫైల్లో పెట్టండి, నష్టం లేదు.

మరి కొత్తగా హిస్టరీ ఎలా పుట్టించాలి? ఒక పద్ధతే నేను అందరికీ చెప్తా, ఎఫ్‌డీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. పాతిక వేలు ఎఫ్‌డీ వేస్తే దాని మీద కార్డు ఇస్తారు, స్కోరు అడగరు, ఎందుకంటే వాళ్ళ డబ్బులకి మన ఎఫ్‌డీయే హామీ. నెలకి పెట్రోలో కరెంటు బిల్లో ఒక ఐదారు వేలు వాడి, గడువుకి మూడు రోజుల ముందే మొత్తం, మినిమం డ్యూ కాదు మొత్తం, కట్టేస్తూ ఉంటే సుమారు ఆరు నెలలకి స్కోరు పుడుతుంది. లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడమంటారు, మంచి మాటే. మన ఇళ్ళల్లో బంగారం ఎలాగూ ఉంటుంది కాబట్టి బ్యాంకులో గోల్డ్ లోను తీసుకుని టైముకి విడిపించినా అది కూడా రిపోర్టులో పడుతుంది, కానీ స్కోరు కోసం గాజులు తాకట్టు పెట్టమని నేను చెప్పను, అమ్మతో గొడవలెందుకు. ఫోన్ మీద ఈఎంఐ లోను కూడా పనిచేస్తుంది. ఇవన్నీ ఒకేసారి చెయ్యకూడదు అంతే. నెలలో ఒక కార్డు, ఒక ఫోన్ లోను, ఒక యాప్ లోను తీసుకుంటే స్కోరు పుట్టేలోపే అప్పుల కోసం తిరుగుతున్న మనిషిలా కనపడతారు.

యాప్‌లంటే గుర్తొచ్చింది, "ఐదు వేలివ్వండి, పది రోజుల్లో సిబిల్ 750 చేస్తాం" అనేవాళ్ళున్నారు, విజయవాడలో కరెంటు స్తంభాలకి కాగితాలంటించి మరీ. ఆ నంబరు ఎవడూ లోపలికెళ్ళి మార్చలేడు. వాళ్ళు చేసేది మీ తరఫున ఒక కంప్లైంట్ పెట్టడం, అది మీరే ఫ్రీగా పెట్టుకోవచ్చు.

ఏజెంట్ల విషయంలో ఇంకో జాగ్రత్త. లోను తెచ్చిపెట్టే ఏజెంటు, డీఎస్ఏ అంటారు, మీ కాగితాలు తీసుకుని ఏదో ఒకటి తగలకపోతుందా అని ఒకే వారంలో ఏడెనిమిది చోట్ల వేసేస్తాడు. ప్రతి చోటా ఒక ఎంక్వైరీ పడుతుంది, తొమ్మిదో బ్యాంకు దాన్ని చూసి "ఎనిమిది మంది కాదన్నారంటే ఏదో ఉంది" అనుకుంటుంది. హిస్టరీ లేనోడి రిపోర్టులో ఇంకేమీ ఉండదు కాబట్టి ఆ ఎంక్వైరీలే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒకటి లేదా రెండు చోట్లకే, ముందే మాట్లాడుకుని వెళ్ళాలి. మీ రిపోర్టు ఎవరైనా తెరిస్తే మెసేజ్ రావాలి ఇప్పుడు, కాబట్టి బ్యాంకులకి మీరిచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి.

స్కోరు లేకుండానే వెళ్ళాల్సొస్తే బ్యాంకు చూసేది నాలుగైదు విషయాలు. ఖాతా స్టేట్‌మెంటు అన్నిటికంటే ముఖ్యం, ఏడాది అంతా డబ్బులు ఒకే ఖాతాలోకి రావాలి, చెక్కు గానీ ఆటో డెబిట్ గానీ బౌన్స్ అయి ఉండకూడదు. మా వాడు క్యూఆర్ కోడ్ రెండు పెట్టాడు, ఒకటి తన ఖాతాకి, ఒకటి వాళ్ళావిడ ఖాతాకి, దాంతో ఆదాయం సగమే కనిపించింది. అద్దె కూడా చేతికివ్వకుండా ఖాతాలోంచి ప్రతి నెలా ఒకే తేదీకి పంపితే, ఏడాది తర్వాత ఆ స్టేట్‌మెంటే "వీడు నెలకి పన్నెండు వేలు తప్పకుండా కడతాడు" అని సాక్ష్యం చెప్తుంది, హిస్టరీ లేనోడికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఇంకోటి లేదు. చీటీ వాయిదాలు కూడా ఖాతాలోంచే కట్టి పాస్‌బుక్కు దాచుకోండి. కరెంటు బిల్లులు, ఎల్ఐసీ ప్రీమియం రసీదులు, మున్సిపాలిటీ లైసెన్సు, ఉద్యం సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్), ఫుడ్ లైసెన్సు ఇవన్నీ పక్క వాయిద్యాలు. రైతులకైతే పట్టాదారు పాస్‌పుస్తకం, ఆంధ్రాలో 1బి, అడంగల్, తెలంగాణలో పహాణీ, పంట అమ్మిన రసీదులు. వ్యవసాయం ఆదాయానికి టాక్స్ లేకపోయినా రిటర్నులో ఆ గడి నింపితే మంచిది, లేకపోతే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం కష్టమవుతుంది.

తోడు మనిషి ఉంటే ఫైలు తేలికవుతుంది. భార్యకి గవర్నమెంటు టీచరు ఉద్యోగమో, నాన్నకి పెన్షనో, కొడుక్కి జీతమో ఉంటే కో-అప్లికెంటుగా పెట్టుకోవచ్చు, వాళ్ళ ఆదాయం కలుస్తుంది, వాళ్ళ హిస్టరీ కూడా చూస్తారు. కొన్ని బ్యాంకులు ఆడవాళ్ళ పేరున ఇల్లుంటే వడ్డీలో కాస్త తగ్గిస్తాయి. కానీ కో-అప్లికెంటు అంటే సాక్షి సంతకం కాదు, అప్పు ఇద్దరిదీ, ఒక ఈఎంఐ తప్పితే ఇద్దరి రిపోర్టులూ పాడవుతాయి. బావమరిదిని మొహమాటపెట్టి సంతకం చేయించేముందు రేపు ఆయన ఇల్లు కొనుక్కోబోతే ఈ అప్పు ఆయన లెక్కలోనూ అడ్డొస్తుందని చెప్పండి.

ఇంకోటి చేతిలో డబ్బు. ఆర్‌బీఐ రూలు ప్రకారం 30 లక్షల లోపు లోనుకి ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆ పైన 75 శాతం మించి ఇవ్వకూడదు. అది పైహద్దు, హక్కు కాదు. హిస్టరీ లేనోడికి అంతకంటే తక్కువే ఇస్తామంటారు మామూలుగా. పైగా రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు, రెండు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతం దాకా అవుతుంది, 38 లక్షల ఇంటికి దగ్గర దగ్గర మూడు లక్షలు అదే. కాబట్టి పావలా వంతు చేతిలో పెట్టుకుని వెళ్ళినోడి మాటకి విలువ వేరు, అది కూడా పెళ్ళికి కట్నంలా ఒక్కరోజు వచ్చి పడ్డ డబ్బు కాకుండా నెలనెలా పోగైనట్టు ఖాతాలో కనిపిస్తే.

బ్యాంకు అస్సలు కాదంటే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలున్నాయి, ఇలాంటి కేసులే వాటి వ్యాపారం. ఆప్టస్, ఆధార్ హౌసింగ్, హోమ్ ఫస్ట్ లాంటివి. వీళ్ళ మనిషి కొట్టు దగ్గరికొచ్చి గంట కూర్చుంటాడు, ఎన్ని ప్లేట్లు వెళ్తున్నాయి, పిండి ఎన్ని కేజీలు, గ్యాస్ బండలు నెలకెన్ని అని లెక్కేసి ఆదాయం వాళ్ళే అంచనా కడతారు. నాకైతే ఆ పద్ధతి కంప్యూటర్లో నంబరు చూసి పంపించెయ్యడం కంటే మర్యాదగా అనిపిస్తుంది. దానికి ఖరీదు వడ్డీ. లెక్క చూడండి, 25 లక్షలు 20 ఏళ్ళకి 8 శాతం అయితే ఈఎంఐ 20,911, అదే 11 శాతం అయితే 25,805. నెలకి 4,900 తేడా, ఇరవై ఏళ్ళకి పదకొండు లక్షల డెబ్భై వేల పైమాట. అదే బ్యాంకులో స్కోరు లేనందుకు 0.20 శాతం ఎక్కువ వేసినా నెలకి మూడొందల పైచిలుకే. కాబట్టి కంగారుపడి ఫైనాన్స్ కంపెనీకి వెళ్ళేకంటే, ఏడాది ఆగి రిటర్నులు సర్దుకుని బ్యాంకుకే వెళ్ళగలిగితే ఆ ఏడాదికి పదకొండు లక్షలు జీతం వచ్చినట్టు. ఇల్లు చెయ్యిజారిపోతుందనే భయం ఉంటే అది వేరే లెక్క.

ఆదాయం 9 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోతే ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 అడగండి, 2024 సెప్టెంబరు నుంచి ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకూడదు, మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం మీద 1.80 లక్షల దాకా ఐదు వాయిదాల్లో లోను ఖాతాలోకి వస్తుంది. అప్లై చేసేది ఆన్‌లైన్లో, కానీ లోను ఇచ్చే బ్రాంచిలో ముందే చెప్పాలి, శాంక్షన్ అయ్యాక చూద్దాంలే అంటే ఎవరూ చూడరు.

దుబాయ్, డాలస్ నుంచి వచ్చినోళ్ళది ఇదే కథ, కాకపోతే సూటు వేసుకుని ఉంటుంది. అమెరికాలో 800 స్కోరుంటుంది, పదేళ్ళుగా కార్డులు, కారు లోను అన్నీ పద్ధతిగా కట్టి ఉంటారు, కోకాపేటలో ఫ్లాట్‌కి అప్లై చేస్తే ఇక్కడి రిపోర్టు ఖాళీ. ఆ స్కోరు ఈ దేశం నంబరులోకి రాదు. కానీ కాగితంగా పనికొస్తుంది, అక్కడి క్రెడిట్ రిపోర్టు, జీతం స్లిప్పులు, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోకి (విదేశాల్లో ఉన్నోళ్ళు ఇక్కడ తెరిచేది) క్రమం తప్పకుండా పంపిన డబ్బు చూపిస్తే బ్యాంకులు లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని అవే అడుగుతాయి. తిరిగొచ్చేద్దామనుకునేవాళ్ళు ఉద్యోగం వదిలేశాక కంటే ఉండగానే లోను పెట్టుకోవడం తెలివైన పని. ఇక్కడికొచ్చి కొత్త కంపెనీలో మూడో నెలలో అడిగితే హిస్టరీ లేదు, ఉద్యోగం నిలకడా లేదు, రెండు దెబ్బలు.

ఇంటి కాగితాల గురించి ఒక్క మాట. హిస్టరీ లేని మనిషి, పంచాయతీ అప్రూవల్ మాత్రమే ఉన్న లేఅవుట్లో ఇల్లు, లింక్ డాక్యుమెంట్లలో, అంటే పాత అమ్మకాల దస్తావేజుల్లో, ఒకటి మిస్సింగ్, ఈ మూడూ కలిస్తే ఏ మేనేజరూ సంతకం పెట్టడు. మనిషి గురించి తెలియనప్పుడు ఆస్తి అయినా కళ్ళకద్దుకునేలా ఉండాలి. ప్లాన్ అప్రూవల్, రెరా నంబరు (ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు), ముప్పై ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) ఉన్నదాన్నే చూసుకోండి, అడ్వాన్సు ఇచ్చేముందే లాయరుకి చూపించండి.

మా వాడికి మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది. రెండో రిటర్ను నిజమైన అంకెలతో వేశాడు, రెండు క్యూఆర్‌లు తీసేసి ఒకటే పెట్టాడు, ఎఫ్‌డీ కార్డు మీద స్కోరు 740 చిల్లర వచ్చింది. అయినా బ్యాంకులో ఒక్క రిటర్నే బలంగా ఉందని ఇంకో ఏడాది ఆగమన్నారు, ఇల్లు అమ్మేవాళ్ళేమో ఆగేది లేదన్నారు, చివరికి ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో పదిన్నర శాతానికి 24 లక్షలు తీసుకున్నాడు, ఈఎంఐ 23,961. ఫ్లోటింగ్ వడ్డీయే (మార్కెట్ వడ్డీలతో పాటు మారేది) తీసుకోమన్నాను, ఎందుకంటే ఇంటి లోను ఫ్లోటింగ్‌లో ఉంటే ముందుగా తీర్చేసినా వేరే బ్యాంకుకి మార్చుకున్నా పెనాల్టీ వెయ్యకూడదు. ఇప్పటికి ఎనిమిది ఈఎంఐలయ్యాయి, ఒక్కటీ బౌన్స్ కాలేదు. పన్నెండు దాటాక, మూడో రిటర్ను కూడా చేతికొచ్చాక బ్యాంకుకి ట్రాన్స్‌ఫర్ పెడదామని ప్లాను, ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్ ఖర్చులన్నీ మళ్ళీ పెట్టుకున్నా రెండు శాతం తగ్గితే గిట్టుబాటే. ఈలోపు ఆ కంపెనీ వాళ్ళే ఫోన్ చేసి "మీ ట్రాక్ బాగుంది, మూడు లక్షలు టాపప్ ఇస్తాం" అంటున్నారంట, గ్రైండరు మార్చుకుంటానన్నయ్యా అన్నాడు. ఏడాది దాకా దాని జోలికి వెళ్ళొద్దని చెప్పాను, వింటాడో లేదో చూడాలి.